గోడ మీద వేటకొడవలి, రొట్టెలో మైదా

మా అక్క కొడుకును బెంగళూరు కంపెనీ ఆర్నెల్ల జీతం చేతిలో పెట్టి ఇంటికి పంపింది. వాడు ఊరికే కూచునే రకం కాదు. దిగిన వారానికే మా పంచలో మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఆలూరులో హోటల్ పెడుతున్నా మామా అన్నాడు. మంచిదేరా అన్నాను. హగరి నుంచి ఆదోని మీదుగా జడ్చర్ల వైపు పోయే 167వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. లారీలవాళ్ళకు రొట్టె, పప్పు. బస్సు దిగినవాళ్ళకు ఉగ్గాని, బజ్జీ. ఆకలయ్యేవాళ్ళకు కొదవేముంది అనుకున్నాను.

"ఉట్టి హోటల్ కాదు మామా. థీమ్ రెస్టారెంట్. మన సీమ ఐడెంటిటీ చెడకుండా మోడ్రన్‌గా చేయాల."

మొదటి బొమ్మ చూపించాడు. వాకిలి. వాకిలికి రెండు పక్కలా నిలువెత్తు వేటకొడవళ్ళు. రెండో బొమ్మలో సగానికి కోసిన టాటా సుమో, దాని బానెట్టు మీద బిల్లు మిషను. మూడో బొమ్మలో సర్వర్లు: తెల్ల చొక్కా, తెల్ల పంచె, అతికించిన మీసం. ఆడపిల్లలు పనికొస్తే ఎట్లరా అంటే, వాళ్ళకు మీసం కంపల్సరీ కాదు మామా అన్నాడు, ఎంతో ఉదారంగా. ఇక తిండి. నాటుబాంబు కోడి. కక్ష కబాబు. ఎనిమిది మంది కూచుని తినే సుమో ప్లాటరు. తొడ కొట్టి ఆర్డరిచ్చినవాళ్ళకు పది శాతం తగ్గింపు.

"ఎట్లుంది మామా?"

"బాగుందిరా. అయితే ఇందులో ఆలూరు యాడుంది?"

వాడు పైనుంచి కిందికి వెతికాడు. చివరి పేజీలో, అడ్రసు కాడ ఉంది.

వాణ్ని అని లాభం లేదు. వాడు పెరిగిన లోకం అట్లాంటిది. ఇప్పుడు తెలుగు పట్టణాల్లో అన్నం ఊరికే తింటే అరగడం లేదు. రైలు పెట్టెలాంటి దాంట్లో కూచుని తినాలి, బొమ్మరైలు పళ్ళెం మోసుకురావాలి. అది చాలకపోతే జైలు. ఊచల గదిలో కూచోబెట్టి, ఖైదీ గుడ్డలు తొడుక్కున్న కుర్రాడు మందీ పళ్ళెం తెచ్చి పెట్టే హోటళ్ళు ఒకటా రెండా! సీమలో మా తాతల తరంవాళ్ళు ఊచల వెనక అన్నం తినకుండా ఉండటానికి వకీళ్ళకు ఎకరాలకెకరాలు రాసిచ్చారు. మనవళ్ళు జీఎస్టీ కట్టి మరీ లోపల కూచుంటున్నారు. బెయిలు కూడా అడగడం లేదు, ఇంకో రైతా అడుగుతున్నారు.

పోయిన ఏడాది హైదరాబాదులో పెళ్ళికి పోయినప్పుడు, మావాళ్ళంతా కలిసి సీమ థీమున్న హోటలొకదానికి తీసుకుపోయారు. పేరెందుకు లెండి. గుమ్మంలో ఎడ్లబండి చక్రం ఉంది. బండి లేదు, ఎద్దు లేదు, చక్రం మాత్రం వార్నిష్ మెరుపుతో గోడకు వేలాడుతోంది. లాంతరులో కిరసనాయిలు బదులు పసుపు బల్బు. గోడ నిండా కత్తులు. తెర మీద దేవరగట్టు బన్ని ఉత్సవం, దసరా రాత్రి కర్రల మీద కర్రలు విరుగుతున్న వీడియో, చప్పుడు లేకుండా నడుస్తోంది. దేవరగట్టు మా ఆలూరు నియోజకవర్గంలోనిదే, హొళగుంద మండలం. మాళ మల్లేశ్వరుడి విగ్రహాలను మా ఊరికంటే మా ఊరికని చుట్టుపక్కల పల్లెలు పోటీపడే రాత్రి అది. ఇక్కడ తలలు పగిలితే మర్నాడు మా ఆలూరు, ఆదోని ఆసుపత్రుల్లో కుట్లు వేస్తారు. అక్కడ ఆ కుట్ల కింద పనీర్ టిక్కా వడ్డిస్తున్నారు.

సరే, జొన్నరొట్టె చెప్పాను. వచ్చింది. గుండ్రంగా, తెల్లగా, అచ్చు కొలతపెట్టి కోసినట్టుంది. పట్టుకుని మడిచాను. జేబురుమాలులా నాలుగు మడతలు పడింది. విప్పితే మళ్ళీ రొట్టయింది.

జొన్నరొట్టె తినే ఇంట్లో పుట్టినవాడికి ఇంతకంటే భయం కలిగించే దృశ్యం లేదు. జొన్నలో గోధుమలో ఉండే బంక ఉండదు. అందుకే పిండిలో సలసల కాగిన నీళ్ళు పోసి, అరచేతి మడమతో నెట్టి నెట్టి మర్దించాలి. పిండి పాతదైతే జిగి చచ్చిపోతుంది, ఎంత మర్దించినా అంచులు నెర్రెలిస్తాయి. ముద్దను బండమీద పెట్టి, పొడిపిండి చల్లి, రెండు చేతులతో తిప్పుతూ తడుతుంటే అది వెన్నెల్లో గుమ్మడాకులాగా పరుచుకుంటుంది. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో ఒక్క తుడుపు. తిరగేస్తే బుస్సున పొంగాలి. ఇంత చేసినా అంచున ఎక్కడో ఒకచోట చిన్న నెర్రె ఉంటుంది. మా అవ్వ ఆ నెర్రెను చూసే రొట్టె ఎవరు తట్టారో చెప్పేది. పెద్దకోడలి రొట్టెకు ఒక తీరు, చిన్నకోడలి రొట్టెకు ఒక తీరు.

సర్వరు కుర్రాణ్ని పిలిచి అడిగాను. "అబ్బీ, ఇందులో మైదా కలుపుతారా?"

"కొంచెం కలుపుతాం సార్. లేకపోతే విరిగిపోద్ది. మా దగ్గర రొట్టె విరగదు సార్." గర్వంగా చెప్పాడు. మిషను కూడా ఉందట. గంటకు ఇన్ని వందలని ఏదో లెక్క చెప్పాడు. మీసం కొద్దిగా ఊడి పెదవి మీదికి జారుతుంటే ఒక చేత్తో అదుముకుంటూ చెప్పాడు పాపం. ఏ ఊరప్పా అంటే ఒడిశా అన్నాడు. వాడి తప్పేం లేదు. వాడూ వలసొచ్చినవాడే. ఆ హాలు మొత్తమ్మీద అసలైన సీమ లక్షణం ఏదైనా ఉందంటే అదొక్కటే.

అప్పుడర్థమైంది నాకు ఈ 'బ్రాండు'ల పని. కనబడేది ఏదీ మారకూడదు, తినేది ఏదైనా మారొచ్చు. చక్రాన్ని కదిలిస్తే ఐడెంటిటీ పోతుంది, పిండిని కదిలిస్తే పోదు. కత్తికి తుప్పు పట్టనీయరు, నూనె మాత్రం మూడు రోజులు మారదు.

అసలు సీమవాళ్ళకు బ్రాండింగు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తెలుగునేల మీద జరిగిన అతి చవకైన, అతి గట్టి రీబ్రాండింగు మాదే. 1800లో నిజాం తన రక్షణకు పెట్టుకున్న సైన్యం ఖర్చు కింద ఈ జిల్లాలను కుంఫిణీకి అప్పజెప్పాడు. అప్పటినుంచి మా పేరు దత్తమండలాలు. ఇంటివాడు బాకీకింద జమకట్టిన సరుకు అన్నట్టు. నూట ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పేరే మోశాం. 1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు లేచి, దత్తమండలాలు వద్దు, రాయలసీమ అందాం అన్నారు. అంతే. ఒక్క మాట. లోగో లేదు, రంగుల పుస్తకం లేదు, కన్సల్టెంటు ఫీజు లేదు. ఆ ఒక్క మాటలో చరిత్ర ఉంది, పౌరుషం ఉంది, భూమి ఉంది. మూటగట్టి ఇచ్చిన మనుషులం కాదు, రాజ్యమేలిన నేల మనుషులం అని ఉంది. అప్పటిదాకా లేని పేరది, అయినా పాతదిలాగే వినిపించింది. మా అల్లుడు స్లైడుల మీద స్లైడులు పెట్టి సాధించాలనుకున్నది ఆయన కూచున్నచోటు నుంచి లేచి సాధించాడు.

డెబ్భై ఒక్క ఏళ్ళకు, 1999లో, సమరసింహారెడ్డి సినిమా వచ్చింది. వెనకే నరసింహనాయుడు, ఆది, ఇంద్ర. దాంతో మాకు ఫ్యాక్షన్ సీమ అని మూడో పేరు పడింది. ఆ పేరు పెట్టినవాళ్ళెవరూ సీమ బస్సెక్కి వచ్చి సభ పెట్టలేదు. హోటళ్ళవాళ్ళు ఎంచుకున్న థీము ఈ మూడోదే. బాకీలో పుట్టిన దత్తమండలం థీము కాదు, నంద్యాలలో పుట్టిన రాయలసీమ థీమూ కాదు. సినిమా సెట్టింగు కూల్చాక మిగిలిన ప్లైవుడ్డు థీము.

కొంచెం చదువుకున్న హోటళ్ళవాళ్ళు సినిమా దాటి చరిత్రలోకి పోతారు. అదింకా ప్రమాదం. బెంగళూరు, హైదరాబాదుల్లో పేరున్న కృతుంగ హోటలు బోర్డు మీద పాళెగాళ్ళ వంట అనే రాసుకుంది. సీమ తిండిని పట్నాల్లో నాలుగు టేబుళ్ళ మీదికి తెచ్చినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు, ఆ మెప్పు మెప్పే. కానీ పాళెగాడి పంక్తిలో కూచున్నవాడెవడో, వాడికి గింజలు కొలిచి పోసిందెవడో అనే ప్రశ్న నన్ను వదలదు. మన్రో దొర 1800 నుంచి 1807 దాకా ఇక్కడ కలెక్టరీ చేస్తూ 80 మంది దాకా పాళెగాళ్ళను అణిచాడంటారు. అణిచాక రైతుకు పళ్ళెంలో రెండు రొట్టెలు పెరిగాయా అంటే అదీ లేదు, శిస్తు పేరు మారింది. అదే మన్రో చివరికి గవర్నరుగా తిరిగొచ్చి, 1827 జులై 6న మా పక్కనున్న పత్తికొండలోనే కలరాతో కన్నుమూశాడు. గవర్నరంతటివాడే బతకలేకపోయిన చోటు ఇది. దీని మీద కూడా ఎవరో ఒకరు థీమ్ మాక్‌టెయిల్ పెడతారేమోనని నా భయం.

ఇంకా వెనక్కిపోయినవాళ్ళు 'రాయలవారి విందు' అని రాస్తారు. అందులో గుంటూరు మిరపకాయ కోడివేపుడు, చెనిక్కాయల ఊరిబిండి, టమోటా పచ్చడి. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. మిరపకాయ, చెనిక్కాయ, టమోటా మూడూ అమెరికా ఖండాల పంటలు. పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకుందే 1510లో. ఇక ఇవి రాయలు తినేదెట్లా? ఆయన రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువుకొక తీరుగా అతిథులకు అన్నం పెడతాడు. వానాకాలం పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. ఎండాకాలం చలవచేసేవి. చలికాలం మిరియప్పొడి. కారమంటే అప్పుడు మిరియమే. అంటే ఏమిటి? సీమ అంటే కారం అని ప్రపంచమంతా చాటుతున్న ఆ మిరపకాయే మాకు అల్లుడిగా వచ్చినవాడు. వచ్చి ఇల్లు ఏలాడు. మా వంటిల్లు కొత్తదాన్ని ఎప్పుడూ తోసిపుచ్చలేదు. రుచి చూసింది, నచ్చితే ఇంటిపేరు ఇచ్చింది. పాతదనం కాపాడాలని మిరపకాయను గుమ్మంలోనే ఆపి ఉంటే, ఈరోజు థీమ్ హోటళ్ళవాళ్ళు ఏం అమ్ముకునేవాళ్ళో!

ఆలూరు సంగతి ఇంకా చిత్రం. సీమ అనగానే అందరూ రాగిసంగటి అంటారు. సంగటి కడప, చిత్తూరు, అనంతపురం వైపువాళ్ళ ముద్ద. మంచి ముద్ద, నేనూ తింటాను. మా వైపు మాత్రం పొద్దున్నించి రాత్రిదాకా జొన్నరొట్టే. బుడ్డల కారం, గురెళ్ళ పొడి, పుంటికూర పప్పు. ఎందుకంటే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటొచ్చాయి, బళ్ళారి అటు పోయింది. గీత గీసినవాళ్ళు తాలూకాలు లెక్కబెట్టారు గానీ పెనాలు లెక్కబెట్టలేదు. రొట్టె గీత దాటి ఇటే ఉండిపోయింది. మా ఉగ్గానిని బళ్ళారిలో మండక్కి ఒగ్గరణె అంటారు. అవే బొరుగులు, అదే పోపు, పక్కన అదే మిరపకాయ బజ్జీ. ఆలూరు ఐడెంటిటీ ఏమిట్రా అని నన్నడిగితే, ఒక నోట్లో రెండు భాషలు, రెండింట్లోనూ బొరుగులు అంటాను. దీన్ని లోగోగా గీయడం కష్టం. కొడవలి గీయడం తేలిక.

ఇదంతా చెప్పాను అల్లుడికి. ఓపిగ్గా విన్నాడు. "అయితే నువ్వే ఒక థీము చెప్పు మామా" అన్నాడు. అడిగాడు గనక చెప్పాను.

నా హోటల్లో మంచినీళ్ళు ముందు ఇవ్వం. కూచోగానే సర్వరు వచ్చి, ట్యాంకరు బయల్దేరిందంట అని చెప్పి పోతాడు. మళ్ళీ అరగంటకు అదే మాట. వేదవతి ఎత్తిపోతల గురించి ఎన్నికలప్పుడు విన్న మాటలన్నీ అంతసేపూ మైకులో వస్తుంటాయి. స్టార్టరు పేరు 'బోరు'. పొడవాటి సన్నని గ్లాసు, పైదాకా మట్టి రంగు. స్ట్రా దింపుతారు. అడుగుకింత అని బిల్లు. తడి తగలకపోతే పక్కనే ఇంకో గ్లాసులో ఇంకో స్ట్రా. నాలుగు బోర్లు వేసినా చుక్క రాకపోతే అది కిచెన్ తప్పు కాదు, మీ వాస్తు తప్పు. టమోటా సూపుకు ధర మెనూలో ఉండదు, పత్తికొండ మార్కెట్టును బట్టి. ధర పడిపోయిన రోజున సూపు గిన్నెలో ఇవ్వం, రోడ్డు మీద పోస్తాం, తొక్కుకుంటూ పోవచ్చు.

అసలు వంటకం 'టెంపుల్ థాలీ'. గుడి భోజనమనుకునేరు. 1876-78 ధాత కరువులో, అప్పటి మా బళ్ళారి జిల్లాతో సహా మద్రాసు ప్రెసిడెన్సీ ఎండిపోయినప్పుడు, సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనుల్లో రాళ్ళుకొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని లెక్క తేల్చాడు. ఒక పౌను అంటే అర్ధసేరుకు కాస్త అటూఇటూ. ఆ పూట రాళ్ళుకొట్టి, ఆ గింజలు దంచుకుని, వండుకుని తినాలి. థీమంటే అదీ. రాళ్ళు మేమే ఇస్తాం. పిల్లలకు 1952 నాటి గంజి కేంద్రం కౌంటరు వేరే ఉంటుంది, వరసలో నిలబడాలి, గిన్నె మీదే తెచ్చుకోవాలి.

ఇక హోటలు ఏడాది పొడుగునా తెరవం. సంక్రాంతి దాటగానే తాళం. మా పల్లెల్లో ఇళ్ళకు వేసినట్టే. ముసలివాళ్ళిద్దరు అరుగు మీద కూచుని ఉంటారు, అడిగితే, అంతా సుగ్గికి పోయినారప్పా అని చెబుతారు. సుగ్గి అంటే కూలికి వలస.

అల్లుడు నవ్వలేదు. "మామా, ఇది నెగటివ్ బ్రాండింగ్. తినేవాళ్ళు బాధపడతారు."

"మరి కొడవలి?"

"అది మాస్."

మనిషిని నరికే కత్తి చూస్తే ఆకలవుతుంది, మనిషి ఆకలి కథ చూస్తే ఆకలి చచ్చిపోతుంది. ఈ జీర్ణశాస్త్రం నాకు తెలియదు.

ఇది మనకొక్కరికే పట్టిన జబ్బనుకోకండి. అమెరికాలో క్రాకర్ బ్యారెల్ అని ఒక హోటళ్ళ గొలుసుంది. 1969లో టెనసీ రాష్ట్రంలో మొదలైంది. పల్లెటూరి కొట్టు థీము. పీపాకు ఆనుకుని కుర్చీలో కూచున్న ముసలాయన దాని గుర్తు. 2025 ఆగస్టులో, మోడ్రన్ కావాలని ముసలాయన్నూ పీపానూ తీసేసి ఉత్త అక్షరాలు మిగిల్చారు. దేశం అట్టుడికింది. షేరు పడింది. అధ్యక్షుడు ట్రంపు కూడా రంగంలోకి దిగి, పాతదే పెట్టండి అన్నాడు. వారం తిరిగేసరికి ముసలాయన మళ్ళీ కుర్చీలోకొచ్చి కూచున్నాడు. అంత గొడవలోనూ బొమ్మ గురించి మాట్లాడినంతమంది కూర గురించి మాట్లాడలేదు. మా అల్లుడిలాంటివాళ్ళు దీన్నొక గుణపాఠంగా చెబుతారు: చూశావా మామా, బొమ్మను ముట్టుకోకూడదు! నాకు కనిపించింది వేరు. బొమ్మకోసం అంత ఏడ్చారంటే, ఏడవడానికి పళ్ళెంలో పెద్దగా ఏమీ మిగల్లేదేమోనని.

దానికంటే మనకు దగ్గరి కథ ఉంది. అల్లుడు ఉద్యోగం చేసిన బెంగళూరులోనే. 1924లో మొదలైన మావళ్ళి టిఫిన్ రూమ్స్. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బియ్యం కరువొచ్చింది. ఇడ్లీ ఎట్లా? రవ్వతో ప్రయత్నించారు. రవ్వ ఇడ్లీ పుట్టింది. బియ్యం లేని ఇడ్లీ అంటే సంప్రదాయానికి ఎంత ద్రోహం! ఇప్పుడదే వాళ్ళ సంప్రదాయం. ఎమర్జెన్సీలో ప్రభుత్వం టిఫిన్ల ధరలు బలవంతంగా తగ్గించమంది. వాళ్ళు ధర తగ్గించారు, నెయ్యి తగ్గించలేదు. ఈరోజు ఇంత నష్టం అని బయట బోర్డు పెట్టి కొన్నాళ్ళు నడిపి, ఆపైన మూసేశారు. మూసుకుని ఊరుకోక పొడులు, పిండి మిశ్రమాలు పొట్లం కట్టి అమ్మడం మొదలుపెట్టారు. బియ్యం మార్చారు, వ్యాపారమే మార్చారు, నెయ్యి దగ్గర మాత్రం ఆగిపోయారు. ఎక్కడ కదలాలో ఎక్కడ కదలకూడదో వాళ్ళకు వంటింట్లో తెలిసింది. మనవాళ్ళకు ఇంటీరియర్ డిజైనరు చెప్పాల్సివస్తోంది.

అంతదాకా ఎందుకు, లేవరా అని అల్లుణ్ణి పొద్దున్నే మా ఊరి ఉగ్గాని అవ్వ కొట్టుకు తీసుకుపోయాను. రేకుల కప్పు. బల్ల ఒకటి. మేం పోయేసరికి బేసిన్లో బొరుగులు పోసి నీళ్ళు గుమ్మరించింది. ఒక్క ముంచు, అంతే. నానబెడితే ముద్దయిపోతాయి. రెండు గుప్పిళ్ళతో ఎత్తి, గట్టిగా పిండి, పక్క గిన్నెలో వేస్తోంది. పిండిన ప్రతిసారీ మణికట్టు మీదినుంచి నీళ్ళు గాజుల్లోకి కారుతున్నాయి. బాండ్లిలో ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపు, టమోటా మగ్గి ఉన్నాయి. బొరుగులు అందులో పడ్డాయి. మీద పప్పుల పొడి, మీరు పుట్నాలంటారే ఆ పొడి, రెండు గుప్పిళ్ళు. పక్కన సెనగపిండిలో ముంచిన పొడుగు మిరపకాయలు నూనెలో అటూఇటూ దొర్లుతున్నాయి.

"చూడరా" అన్నాను. "కట్టెల పొయ్యి పోయి గ్యాసొచ్చింది. ఆకులో పెట్టేది, ఇప్పుడు కాగితం ప్లేటు. చిల్లర లేదని మిఠాయి బిళ్ళ ఇచ్చేది, ఇప్పుడు ఆ డబ్బా చెబుతుంది."

చెప్పినట్టే గోడకు తగిలించిన స్పీకరు డబ్బా ముప్పై రూపాయలు ముట్టాయని అరిచింది. అవ్వ తలెత్తలేదు. పిండుతూనే ఉంది. ఆమె కొట్టు మోడ్రనయిందని ఆమెకెవరూ చెప్పలేదు. ఆమె ఐడెంటిటీ నిలిచిందని కూడా చెప్పలేదు. బోర్డే లేదు కదా, చెప్పినా ఎక్కడ రాసుకుంటుంది?

"అవ్వా, గుప్పిట్లో పిండకుండా జల్లెడలో వంపితే తొందరగా అవుతుంది గదా" అన్నాడు అల్లుడు. బెంగళూరు బుద్ధి.

అవ్వ వాణ్ని ఎగాదిగా చూసింది. "అది బొరుగుల పాయసమైతది నాయనా. ఉగ్గాని కాదు."

వాడు ఆ మాటకు మెత్తబడ్డాడు. తినేటప్పుడు మాట్లాడలేదు, అది మంచి గుర్తు. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తీసి బాంబు కోడిని కొట్టేశాడు. మీసాలు కొట్టేశాడు. మైదా కలపను మామా, రొట్టె విరిగితే విరిగింది అన్నాడు. నా కళ్ళు చెమర్చాయి. కొడవళ్ళ సంగతి మాత్రం తేల్చలేదు. అడ్వాన్సు ఇచ్చేశానన్నాడు.

ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి, లేకపోతే నేనూ అబద్ధాలవాణ్నే. ఇంతసేపూ రొట్టె రొట్టె అని గుండెలు బాదుకున్నాను గానీ, మా ఇంట్లోనే రొట్టె రోజూ లేదు. మా చిన్నప్పుడు వరిబువ్వ పండగపూట తిండి. 1983లో రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. తెల్లటి అన్నం రోజూ తినొచ్చునని తెలిసిన రోజున మా ఊళ్ళో ఎవరూ జొన్నలకోసం ఏడవలేదు. రొట్టె తట్టి తట్టి అరచేతులు కాయలు కాసిన ఆడవాళ్ళయితే అసలే ఏడవలేదు. వాళ్ళ ఆనందం ముందు నా రుచుల పాండిత్యం ఏపాటిది? ఇప్పుడు ఆ బియ్యం తిన్న తరానికి చక్కెర వ్యాధి వచ్చింది, డాక్టర్లు రొట్టె తినమన్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అంది. పేదతనం వల్ల తిన్నదాన్ని మేం వదిలేశాం, రోగం వల్ల పట్నం పట్టుకుంది. ధర పెరిగింది. జొన్న వేసే రైతు పొలంలో పత్తి, మిరప వేస్తున్నాడు. రొట్టె తట్టడం వచ్చిన చేతులు ఊళ్ళో వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. వాళ్ళకు చేతినిండా పని ఊళ్ళో దొరకదు.

అందుకే అల్లుడికి చివరిగా ఒకటే చెప్పాను. గోడమీద ఏం పెడతావో నీ ఇష్టంరా. సుమో పెట్టుకో, ఏనుగును పెట్టుకో. రొట్టె తట్టే ఆడమనిషికి మీసాలవాడికంటే ఎక్కువ జీతం ఇయ్యి, ఏడాది పొడుగునా ఇయ్యి. ఆమె ఊళ్ళో ఉంటే నీ హోటలు ఆలూరు హోటలు. లేకపోతే అది ఎక్కడైనా ఉండొచ్చు. సరే అన్నాడు. అవతలి వీధిలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళను మాట్లాడుకున్నాడు కూడా, బేరం లేకుండా.

సంక్రాంతి తర్వాత మంచిరోజు చూసి ప్రారంభం అనుకున్నారు. ఇంటీరియరు పని సాగి సాగి వాయిదా పడింది, ఆ అక్కాచెల్లెళ్ళకు అడ్వాన్సు ఇవ్వడం మావాడు మరిచిపోయాడు. కొడవళ్ళవాడికి ఇవ్వడం మరిచిపోలేదు. నిన్న లారీలో కొడవళ్ళు దిగాయి, ఫైబరువి, రెండూ మనిషంత ఎత్తు. రొట్టెలు తట్టే అక్కాచెల్లెళ్ళిద్దరూ మేస్త్రీ పంపిన బండెక్కి మిరపకోతకు గుంటూరు వైపు పోయి పది రోజులైంది. ఉగాదికి వస్తారట.